ఆరు గంటల చుట్టం

శుక్రవారం సాయంత్రం ఆరింటికి వంద పాళ్లుంటుంది. శనివారం, ఆదివారం దాని జోలికి ఎవరూ వెళ్లరు. సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు చూస్తే మిగిలేది 50 పాళ్లే! ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎక్కడా కారిపోలేదు, ఎండకు ఆవిరీ కాలేదు. సీసపు డబ్బాలో బిగించి తాళం వేసినా అంతే, ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. కర్పూరాన్నయినా గట్టిగా మూత పెట్టి, నాలుగు మిరియపు గింజలు వేసి కాపాడుకోవచ్చు గానీ దీన్ని కాపాడటం ఎవరి తరమూ కాదు.

దీని పేరు మాలిబ్డినం-99. హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రుల న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలకు చిన్న డబ్బాల్లో వస్తుంది. ఆ డబ్బాను జెనరేటర్ అంటారు. కరెంటు పోయినప్పుడు మోగే జెనరేటర్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. 66 గంటలకోసారి అందులోని మాలిబ్డినం సగమవుతూ ఉంటుంది. మరి తగ్గిన ఆ సగం ఎటు పోయినట్టు? ఎటూ పోలేదు. టెక్నీషియం అనే వేరే మూలకంగా మారిపోయింది. డబ్బాలోని సన్నని గొట్టం గుండా పొద్దున్నే సెలైన్ నీళ్లు పంపిస్తే మాలిబ్డినం గొట్టాన్నే పట్టుకుని వేలాడుతుంది, టెక్నీషియం మాత్రం నీళ్లతో పాటు సీసాలోకి దిగివస్తుంది. మర్నాటి పొద్దుటికల్లా మళ్లీ తయారు! ఆవు చేపినట్టే కదా. అందుకే ఆ విభాగాల్లో పనిచేసేవాళ్లు దీన్ని ‘పితకడం’ అనే అంటారు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో వాల్టర్ టకర్, మార్గరెట్ గ్రీన్ 1950ల చివర్లో ఈ ఏర్పాటు కనిపెట్టినప్పటి నుంచీ ప్రపంచమంతటా ఇదే ఆవు, ఇవే పాలు.

అలా పితికిన టెక్నీషియం పరిస్థితి మరీ అన్యాయం. 6 గంటల్లో సగం. ఇంకో 6 గంటల్లో ఆ సగంలో సగం.

ఈ టెక్నీషియానికి ఒక చరిత్ర ఉంది. మెండలీవ్ 1871లో మూలకాల పట్టిక సవరించి వేసినప్పుడు కొన్ని గదులు ఖాళీగా ఉంచాడు. ఇక్కడ ఒకటి ఉండాలి, వెతకండి అన్నాడు. వెతికారు. గాలియం 1875లో, స్కాండియం 1879లో, జెర్మేనియం 1886లో దొరికాయి. మాంగనీసు కింద ఉన్న 43వ గది మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. దొరికిందని చాటుకున్నవాళ్లకు కొదవ లేదు. 1925లో జర్మనీవాళ్లు ‘మసూరియం’ అని పేరు కూడా ఖాయం చేశారు. బారసాల అయింది గానీ ఉయ్యాలలో బిడ్డ లేడు!

చివరికి 1937లో ఇటలీలోని పలెర్మోలో దొరికింది. అదీ భూమిలో కాదు, ఒక పాత రేకులో. అమెరికాలోని బర్కిలీలో ఎర్నెస్ట్ లారెన్స్ నడిపే సైక్లోట్రాన్ యంత్రంలో వాడి తీసేసిన మాలిబ్డినం రేకు అది. నెలల తరబడి కణాల దెబ్బలు తిన్న ఆ రేకు ఎమీలియో సెగ్రేకు పనికొస్తుందేమోనని లారెన్స్ పోస్టులో పంపాడు. (ఇవాళ అలాంటి కవరు పోస్టులో వేస్తే వేసినవాడి ఇంటికి పోలీసులు వస్తారు.) సెగ్రే, కార్లో పెరియర్ కలిసి ఆ రేకును కరిగించి, వడగట్టి, పరీక్షించి 43వ మూలకాన్ని పట్టుకున్నారు. మనిషి చేతిలో పుట్టిన మొదటి మూలకం అదే. గ్రీకులో ‘కృత్రిమం’ అనే మాట నుంచి పదేళ్ల తర్వాత దానికి టెక్నీషియం అని పేరు పెట్టారు.

ఈ సంగతులన్నీ నాచారంలోని ఒక పాత కాలనీలో ఉండే రిటైరైన కెమిస్ట్రీ సారుకు కంఠతా వచ్చు. భువనగిరి దగ్గరి పల్లె నుంచి చదువుకోసం ఉప్పల్ చేరి, జూనియర్ కాలేజీల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాలోనూ నాచారం ఫ్యాక్టరీల్లోనూ పనిచేసే కార్మికుల పిల్లలను ఎందరినో గట్టెక్కించిన మనిషి. 43వ గది కథ చెప్పనిదే ఆయన ఏ ఏడాదీ సిలబస్ ముగించలేదు. పరీక్షలో అది రాదు. అయినా చెప్పేవాడు.

ఆ 43వ మూలకం తన ఇంటికే వస్తుందని మాత్రం ఆయన అనుకోలేదు.

ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. అంతా కుదుటపడింది అనుకుంటున్న సమయంలో నడుంనొప్పి మొదలైంది. వయసు నొప్పే కావచ్చు. కానీ అటువంటి ఆపరేషన్ అయినవాళ్ల ఇంట్లో నడుంనొప్పిని ఎవరూ ఉత్త నడుంనొప్పి అనుకోరు. డాక్టరు కూడా అనుకోలేదు. బోన్ స్కాన్ రాశాడు. జబ్బు ఎముకలకు పాకిందో లేదో చూడటానికి చేసే పరీక్ష అది. చీటీ మీద పరీక్ష పేరు పక్కన ‘టెక్నీషియం-99ఎం’ అని ఉంది. సారు ఆ చీటీని కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

పదకొండింటికి ఇంజెక్షన్ ఇచ్చారు. స్కాన్ మధ్యాహ్నం రెండు దాటాక. ఈలోగా మంచినీళ్లు బాగా తాగమన్నారు, మాటిమాటికీ బాత్రూంకు వెళ్లమన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. రేపు ఈ వేళ దాకా చంటిపిల్లలను ఎత్తుకోవద్దు, గర్భిణులకు దగ్గరగా కూర్చోవద్దు అని. ఇంట్లో రెండేళ్ల మనవడున్నాడు. నానమ్మ చంక దిగడు. ముందురోజే వాణ్ణి కోడలు బోడుప్పల్‌లో తన పుట్టింటికి తీసుకెళ్లింది.

మూడు గంటలు కూర్చోవాలి. అక్కడ కూర్చున్నవాళ్ల మొహాల్లో ఒకే ప్రశ్న. ఆవిడ మంచినీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, గోడ మీద మూడు రెక్కల పసుపు గుర్తును చూస్తూ అడిగింది.

“ఏంది గా మందు?”

“మందు గాదు, మూలకం. మనిషి చేసింది. నలబై మూడోది.”

“మనిషి చేసిందైతే ఒంట్లనే ఉండిపోదా?”

“ఉండదు. దానికి ఉండుడు చేతగాదు. గదే దాని గొప్ప.”

ఆవిడ నవ్వింది. “ఇన్నేండ్లు పిల్లలకు చెప్పిన్రు గదా, నాకెప్పుడన్న చెప్పిన్రా?”

“నువ్వెప్పుడు అడిగినవ్?”

అలా నలబై ఏళ్ల కాపురంలో మొదటిసారి సారు తన భార్యకు కెమిస్ట్రీ పాఠం మొదలుపెట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఉప్పల్ బస్టాండులో మొదలుపెట్టాడు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర వరంగల్ బస్సు ఆగిందనుకోండి. జనం ఎక్కకముందే కిటికీల్లోంచి సీట్ల మీద కర్చీఫులు పడిపోతాయి. తీరా ఎక్కిచూస్తే సీట్లన్నీ ఖాళీయే, కానీ ఒక్కటీ మనది కాదు. టెక్నీషియానిది సరిగ్గా అదే దుస్థితి. పరమాణువు నడుమ ఉండే కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. ప్రోటాన్ల సంఖ్యే మూలకం ఏదో చెబుతుంది. 43 ఉంటే టెక్నీషియం. ప్రోటాన్లు, న్యూట్రాన్లు మొత్తం కలిపితే వచ్చే సంఖ్య బరువు. ఒకే బరువున్న ఇద్దరు పక్కపక్క మూలకాలవాళ్లయితే ఇద్దరూ స్థిరంగా ఉండటం కుదరదు. ఒకరు రెండోవారిగా మారిపోవలసిందే. టెక్నీషియానికి ఎడమ పక్క గదిలో మాలిబ్డినం, కుడి పక్క గదిలో రుథీనియం ఉన్నాయి. 94 నుంచి 102 దాకా ఉన్న బరువులన్నిటి మీదా ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు ముందే కర్చీఫు వేసేశారు. మధ్యలో వచ్చిన టెక్నీషియం ఏ సీట్లో కూర్చోబోయినా లేవాల్సిందే. యురేనియంలా బరువెక్కి కూలిపోవడం కాదిది. బంగారం, వెండి స్థిరంగా ఉన్న పట్టికలో, వెండికి నాలుగు గదుల అవతల ఉండి కూడా చోటు దొరక్కపోవడం.

దాని రూపాల్లో అన్నిటికన్నా ఓపికగా కూర్చునేవి 42 లక్షల ఏళ్లకు సగమవుతాయి. అదేం తక్కువా అనిపిస్తుంది. నాచారం నుంచి కనిపించే మౌలాలి గుట్టతో పోల్చండి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైటు రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. చదరంగం పలక మీద గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయి రాజుగారి ధాన్యాగారం ఖాళీ చేయించిన కథ తెలుసు కదా. దాన్ని తిరగేసి చూడాలి. ఒక గ్రాము టెక్నీషియాన్ని సగం, అందులో సగం, మళ్లీ సగం చేసుకుంటూ పోతే 73 సార్లకే ఒక్క పరమాణువూ మిగలదు. గుట్ట వయసులో అలాంటి సగాలు దాదాపు ఆరొందలు గడిచాయి. భూమి పుట్టినప్పుడు ఉన్న టెక్నీషియం ఏనాడో హరించుకుపోయింది. ఖనిజాల్లో వెతికినవాళ్లకు దొరక్కపోవడంలో వింతేముంది? తర్వాత 1962లో యురేనియం ఖనిజంలో వేలెడంత కూడా కాని జాడలు దొరికాయి, అవీ యురేనియం చీలగా అప్పటికప్పుడు పుట్టినవే. అంతకు పదేళ్ల ముందు, 1952లో, పాల్ మెరిల్ అనే ఖగోళశాస్త్రవేత్త కొన్ని ఎర్రటి ముసలి నక్షత్రాల వెలుగులో టెక్నీషియం గీతలు చూశాడు. ఆ నక్షత్రాల వయసుకు పాత టెక్నీషియం మిగిలే అవకాశమే లేదు. అంటే నక్షత్రాలు దాన్ని ఇప్పుడు, అక్కడే వండుతున్నాయి! మూలకాలు నక్షత్రాల్లో తయారవుతాయనడానికి అది కళ్లెదుట సాక్ష్యమైంది. కృత్రిమం అని పేరు పెట్టుకున్నదానికి ఆకాశంలో పుట్టిల్లు తేలింది.

సారు ఇక్కడిదాకా వచ్చేసరికి ఆవిడ సగం సీసా నీళ్లు తాగింది. “మరి గిట్ల ఆగనిదాన్ని నాకెందుకు ఎక్కిచ్చిన్రు?” అంది.

అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఒంట్లోకి పంపేది బయటికి కనిపించాలి, అంటే కిరణాలు వెదజల్లాలి. ఎముకల దాకా చేరి ఫొటో తీసేవరకు బతకాలి. ఆ పైన చప్పున చల్లారిపోవాలి. కొన్ని నిమిషాల్లో సగమయ్యేది చేరకముందే అయిపోతుంది. కొన్ని నెలలకు సగమయ్యేది ఒంటిని వదలదు. 6 గంటలు అన్నది వైద్యానికి కొలత చూసి కుట్టించినట్టు సరిపోయింది. టెక్నీషియానికి ఒక ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని తోడిచ్చి పంపుతారు. అది ఎముక ఎక్కడ కొత్తగా పెరుగుతుంటే, ఎక్కడ మరమ్మతు జరుగుతుంటే అక్కడికి ఎక్కువగా చేరుతుంది. జబ్బు పాకినచోట ఎముక గాభరాగా తనను తాను కట్టుకోవాలని చూస్తుంది కాబట్టి ఆ చోటు ఫొటోలో నల్లటి మచ్చగా కనిపిస్తుంది.

మామూలుగా పెద్దవాళ్లకు ఇచ్చే మోతాదులో సెకనుకు సుమారు 74 కోట్ల పరమాణు కేంద్రకాలు కిరణాలు వదులుతుంటాయి. వింటే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ టెక్నీషియం మొత్తం బరువు గ్రామును వందకోట్ల ముక్కలు చేస్తే అందులో నాలుగు ముక్కలంత. ఒంటికి తగిలే రేడియేషన్ కూడా, ఊరికే భూమ్మీద బతుకుతున్నందుకు ఏడాదిన్నర, రెండేళ్లలో మట్టి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు తగిలేదానికి దగ్గరగా ఉంటుంది. చల్లారాక మిగిలేది టెక్నీషియమే, కాకపోతే సగమవడానికి 2 లక్షల ఏళ్లకు పైగా తీసుకునే బద్ధకపు రూపం. ఉన్నది ఆ కాస్తే గనుక, అంత మెల్లగా విడుదలయ్యేది లెక్కలోకి రాదు.

స్కాన్ అయింది. బల్ల మీద కదలకుండా అరగంట పడుకోవడం తప్ప ఆవిడకేమీ తెలియలేదు. రిపోర్టు మర్నాడన్నారు.

క్యాబ్‌లో ఇంటికి తిరిగొచ్చే దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తార్నాక దాటితే సారుకు ప్రతి గేటూ పాఠమే. మామూలు రోజైతే పక్కన ఎవరుంటే వాళ్లకు చెప్పేవాడు. తార్నాక నుంచి ఉప్పల్ దాకా ఆ రోడ్డు పొడవునా ఉన్న పరిశోధనాలయాలకు నిలవని పరమాణువులతో పాత చుట్టరికం ఉంది. 1961లో మొదలైన ఎన్జీఆర్ఐలో రాళ్ల వయసు కట్టేది వాటిలోని రేడియోధార్మిక పరమాణువులు ఎంత తరిగాయో చూసే. (ఇప్పుడు దాని పేరు మెట్రో స్టేషన్‌కూ ఉంది. రోజూ అక్కడ దిగేవాళ్లలో ఆ మూడక్షరాల... కాదు, నాలుగక్షరాల అర్థం ఎందరు అడిగి ఉంటారో!) ఇక సీసీఎంబీ ఆవరణలో అణుశక్తి శాఖకు చెందిన ‘బ్రిట్’ సంస్థ ఒక ప్రయోగశాల పెట్టింది. పేరు జొనాకి. బెంగాలీలో జొనాకి అంటే మిణుగురు. ఎంత ముచ్చటైన పేరు! అక్కడ తయారైంది ఫాస్ఫరస్-32 తగిలించిన డీఎన్ఏ ముడిసరుకు. ఫాస్ఫరస్ కొత్త మూలకమేమీ కాదు, మన ఎముకల్లో ఉన్నదే. కానీ 32 బరువున్న ఆ రకాన్ని రియాక్టర్లలో మనిషే చేయాలి. 14 రోజులకు కాస్త పైగా గడిస్తే సగం. ఆలోగా అది మిణుగురులా మెరుస్తూ తానెక్కడుందో ఎక్స్‌రే ఫిల్ముకు చెబుతుంది. 1980ల చివర్లో లాల్జీ సింగ్ సీసీఎంబీలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి ప్రాణం పోసినప్పుడు ఫిల్ము మీద ఆ చారలు వేసింది ఇలాంటి ఫాస్ఫరసే. తండ్రి ఎవరో తేలని బిడ్డల కేసులు, హత్య కేసులు ఆ చారలతో తేలాయి. రెండు వారాలకు సగమైపోయేది ఇచ్చిన సాక్ష్యం కోర్టు కాగితాల్లో శాశ్వతంగా ఉండిపోయింది. తర్వాత రంగుల వెలుగులతో చూసే పద్ధతులొచ్చి ఫాస్ఫరస్ వాడకం బాగా తగ్గింది.

నాచారం దాటి మల్లాపూర్ మీదుగా ఇంకాస్త ముందుకు పోతే ఎన్ఎఫ్‌సీ, ఈసీఐఎల్ వస్తాయి. అక్కడి సంగతి వేరు. 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మన దేశపు భారజల రియాక్టర్లకు యురేనియం ఇంధనం తయారుచేస్తుంది. చిన్న యురేనియం బిళ్లలను జిర్కోనియం గొట్టాల్లో పేర్చి, గొట్టాలను కట్టలు కట్టి పంపిస్తారు. పట్టికలో ప్రకృతి గీసిన హద్దు ఆ యురేనియమే, 92వ గది. రియాక్టరుకు చేరాక దానిలో కొంత ఒక న్యూట్రాన్‌ను మింగి 23 నిమిషాలకు, ఆ తర్వాత రెండు రోజులకు పైగా ఆగి, రెండు మెట్లెక్కుతుంది. 93వ మెట్టు నెప్ట్యూనియం, 94వ మెట్టు ప్లుటోనియం. 1940, 41లలో బర్కిలీలో చేతులారా చేసిన మూలకాలివి. ఆ ప్లుటోనియం సగమవడానికి 24 వేల ఏళ్లు కావాలి. మనిషి చేసినదల్లా క్షణంలో పోతుందనుకోవడం కూడా పొరపాటే. కొన్ని మనం పోయినా పోవు. ఆ దిక్కున ఉన్న కాలనీల్లో చాలామంది ఆ రెండు సంస్థల్లో ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు. ఒక కాలనీకి ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు ఏఎస్ రావు పేరే పెట్టుకున్నారు.

ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు. ఐదింటికి ఒకసారి అడిగింది, పదకొండింటికి ఒకసారి. 

“ఇప్పుడెంతుంది?”

“సగంల సగం. నువ్వు తాగిన నీళ్లకు ఇంకా తక్కువే ఉంటది.”

“తెల్లారేసరికి?”

“ఐదింటికి అందులో సగం. ఎనిమిదో వంతు.”

బోడుప్పల్ నుంచి మనవడు ఫోన్లో ఏడ్చాడు. రేపు పదకొండింటికి పదహారో వంతు మిగులుతుందని, అప్పుడు ఎత్తుకోవచ్చని సారు లెక్క చెప్పాడు. ఆవిడ ఆ లెక్కను పట్టుకుంది. రిపోర్టు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. తెలిసిన లెక్క ఒకటి ఉంటే తెలియనిదాని గురించి మాట్లాడకుండా రాత్రి గడిపేయవచ్చు.

మర్నాడు పొద్దున సారు ముందుగదిలో గోడకున్న పాత చార్టు ముందు నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోఠీలో కొన్న చార్టు. అందులో మూలకాలు 105. ఆ తర్వాత వచ్చినవాటిని ఆయన పెన్సిలుతో రాసుకుంటూ వచ్చాడు. 117వ గదిలో ‘టెన్నెసిన్’ అని, దాని పక్కన చిన్న అక్షరాలతో ‘రామయ్య’ అని ఉంటుంది. చూసినవాళ్లు ఎవరీ రామయ్య అని అడగాలని ఆయన ఆశ. ఆవిడ ఆ రోజు అడిగింది.

ఆకునూరి రామయ్య. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ నగరపు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసినవాడు. 117వ మూలకాన్ని తయారుచేశామని 2010 ఏప్రిల్‌లో ప్రకటించిన పరిశోధన పత్రం మీద సంతకాలు 30 మందికి పైగా ఉన్నాయి. రష్యన్ల పేర్లు, అమెరికన్ల పేర్ల నడుమ ఏ.వి. రామయ్య అని మన పేరొకటి.

ఆ కథ సినిమాకు పనికొస్తుంది. 117 కావాలంటే 97 ప్రోటాన్లున్న బెర్కీలియాన్ని 20 ప్రోటాన్లున్న కాల్షియంతో ఢీకొట్టించాలి. కూడికే, అంతకన్నా ఏం లేదు. కానీ బెర్కీలియం కూడా మనిషి చేసిందే. టెన్నెసీలోని ఓక్‌రిడ్జ్ రియాక్టరులో 250 రోజులు కాల్చి, మరో 90 రోజులు శుద్ధి చేస్తే చేతికొచ్చింది 22 మిల్లీగ్రాములు. చిటికెడులో చిటికెడు కాదు. అది సుమారు 330 రోజులకు సగమవుతుంది. అంటే గడియారం పరుగెడుతోంది. 2009లో దాన్ని విమానంలో రష్యాకు పంపితే కాగితాలు సరిగా లేవని కస్టమ్స్ వాళ్లు తిప్పి పంపారు. మళ్లీ పంపారు, మళ్లీ తిరిగొచ్చింది. అలా ఆ పొట్లం అట్లాంటిక్ సముద్రాన్ని ఐదుసార్లు దాటింది! ఏ దేశంలోనైనా ఆఫీసులు ఆఫీసులే. ఐదోసారికి లోపలికి రానిచ్చారు. దుబ్నాలో యూరీ ఒగనేసియన్ బృందం దాని మీద నెలల తరబడి కాల్షియం వాన కురిపించింది. పుట్టినవి ఎన్ని? 6 పరమాణువులు. గ్రాములు కాదు, మిల్లీగ్రాములు కాదు, ఆరంటే ఆరు పరమాణువులు. ఒక్కొక్కటీ బతికింది సెకనులో చిన్న ముక్క మాత్రమే. రెప్ప వేసి తీసేలోపు పోయాయి.

ఇంత బరువైనవి ఎందుకు నిలవవో చెప్పడానికి సారు ఉమ్మడి కుటుంబాన్ని అరువు తెచ్చుకుంటాడు. కేంద్రకంలో ప్రతి ప్రోటానుకూ ఇంట్లో ఉన్న మిగతా ప్రోటాన్లన్నిటితోనూ పడదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా తోసుకుంటూనే ఉంటాయి. కలిపి ఉంచే బలం తోపులాట కన్నా చాలా గట్టిది, కానీ అది పక్కనున్నవాళ్ల వరకే పనిచేస్తుంది. నలుగురున్న ఇంట్లో అందరూ పక్కవాళ్లే, ఇబ్బంది లేదు. నూట పదిహేడు మందైతే గొడవ అందరితో, పొత్తు నలుగురితోనే. ఎవరితోనూ గొడవ లేని న్యూట్రాన్లు పెద్దమనుషుల్లా మధ్యలో కూర్చుని సర్దిచెప్పాలి. అందుకే బరువు పెరిగేకొద్దీ న్యూట్రాన్లు ఎక్కువెక్కువ కావాలి. వాటికీ ఒక హద్దుంది. అయినా శాస్త్రజ్ఞుల ఆశ చావలేదు. ఇంట్లో గదులు సరిగ్గా నిండినట్టు 114 ప్రోటాన్లు, 184 న్యూట్రాన్లు ఒక్కచోట కుదిరితే అక్కడ కాస్త నిలకడ దొరుకుతుందని చాలాకాలంగా లెక్కలు వేస్తున్నారు. సముద్రం మధ్య దీవి లాంటి చోటు. ఇంకా అక్కడికి చేరలేదు గానీ, దరిదాపుల్లో ఉన్న 114వ మూలకం ఫ్లెరోవియం ఒకటి రెండు సెకన్లు నిలిచింది. మిల్లీ సెకన్ల లోకంలో అది నూరేళ్ల ఆయుష్షు.

టెన్నెసిన్ అనే పేరు 2016 నవంబర్ 28న ఖాయమైంది. దానితో పాటే నిహోనియం, మాస్కోవియం, ఒగనెసాన్. 118 గదులూ నిండాయి. సరిగ్గా ఏడాది తర్వాత, 2017లో అదే తేదీన మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో ప్రారంభమై ఉప్పల్ మీదుగా రైలు పరుగెత్తింది. రెంటికీ సంబంధమేమీ లేదు. సారుకు తేదీలు గుర్తుపెట్టుకునే జబ్బు, అంతే.

పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలుందనగా మనవడు వచ్చాడు. ఆవిడ గడియారం వంక చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ ఐదు నిమిషాలూ వంటింటి గుమ్మంలోనే నిలబడింది. వాడికి అర్థం కాలేదు, నానమ్మ మీద అలిగాడు. తర్వాత సాయంత్రం దాకా దిగలేదు.

రిపోర్టు ఆ సాయంత్రమే వచ్చింది. కాగితం మీద ఎముకల గూడు, ముందు నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి. కుడి మోకాలి దగ్గర, నడుం కింది పూసల దగ్గర కాస్త నలుపు. సారు చేతిలో కాగితం వణికింది. డాక్టరు చూసి ఆ మచ్చలు అరుగుదలవేనన్నాడు. జబ్బు పాకిన గుర్తులు లేవన్నాడు. మెట్లు తక్కువ ఎక్కమని, బరువులు ఎత్తొద్దని చెప్పాడు. “ముసలితనం బయటపడ్డది” అంది ఆవిడ. ఆ మాటకు సారు అంత గట్టిగా నవ్వడం డాక్టరుకు వింతగా తోచింది.

నొప్పి తగ్గకపోతే ఏడాది తర్వాత మళ్లీ ఒకసారి స్కాన్ తీద్దామన్నారు. సారు ఇంటికొచ్చి ఆ నెలను క్యాలెండర్ వెనుక రాసుకున్నాడు. ఆ రోజుకు కావలసిన టెక్నీషియం ఇంకా పుట్టలేదు. దాన్ని కనవలసిన మాలిబ్డినం కూడా ఇంకా పుట్టలేదు. అంతకు ముందు వారం ఏదో ఒక రియాక్టరులో తయారై, సీసపు డబ్బాలో కూర్చుని, దారిపొడవునా తరుగుతూ రావాలి.